పడుగు సందు దావా

కరోనా సద్దుమణిగిన మరుసటి సంవత్సరం జూన్ నెలలో నన్ను ఆదోని నుంచి బదిలీ చేసి, ఎమ్మిగనూరు వైపున్న ఒక జూనియర్ సివిల్ జడ్జి కోర్టుకు సూపరింటెండెంటుగా వేశారు. ఆ కోర్టు ఏ ఊరిదో చెప్పను. ఇందులోని మనుషుల్లో సగంమంది ఇంకా ఉద్యోగంలో ఉన్నారు, మిగతా సగం ఇంకా ప్రాక్టీసులో ఉన్నారు. నాకు అప్పటికి ముప్పై మూడేళ్ల సర్వీసు. రిటైర్మెంటుకు రెండేళ్లు. ఇల్లు ఆదోనిలోనే కాబట్టి రోజూ ఉదయం ఎనిమిది గంటల బస్సెక్కి, పత్తి బస్తాల లారీల వెనక దుమ్ము తింటూ డ్యూటీకి వెళ్లేవాణ్ణి.

సూపరింటెండెంటు అంటే కోర్టు ఆఫీసుకు పెద్ద. పాతకాలంలో శిరస్తదారు అనేవారు. దావా వేసినా, దావాకు జవాబు వేసినా, ఆ కాగితం జడ్జి గారి దాకా పోయేముందు నా బల్ల మీద ఆగాలి. మార్జిన్ వదిలారా, స్టాంపు సరిపోయిందా, నకళ్లు ఎన్ని పెట్టారు, సంతకాలు ఉండాల్సిన చోట ఉన్నాయా అని చూసి, లోపముంటే చీటీ రాసి వెనక్కి పంపడం నా పని. ఆ చీటీని మేము ఆబ్జెక్షన్ అంటాం. ముప్పై మూడేళ్లలో నేను చేసిన రచన ఏదైనా ఉంటే ఆ చీటీలే.

మాకు ఒక నియమం ఉంది. కోర్టు సిబ్బంది కక్షిదారులకు న్యాయ సలహా ఇవ్వకూడదు. మంచి నియమమే. అయితే దాన్ని మేము అర్థం చేసుకున్న తీరు వేరు. కక్షిదారు వచ్చి వాయిదా ఎప్పుడని అడిగినా అది న్యాయ సలహా కింద లెక్క. వకీలు గారి గుమాస్తా వచ్చి జడ్జి గారు ఇవాళ ఏ మూడ్‌లో ఉన్నారని అడిగితే మాత్రం అది ఆఫీసు సమాచారం.

నేను చేరిన నెలకే ఆ దావా వచ్చింది. వాది పేరు సత్యనారాయణ. ప్లాట్ల వ్యాపారం చేసేవాడు. నేతగాళ్ల వీధిలో పాత ఇల్లు కొని, పడగొట్టి, రెండంతస్తులు కట్టాడు. ఇంటికి ఉత్తరం పక్క ఒక సందు ఉంది. ఆ సందు తన సొంతమనీ, ప్రతివాది అందులో అడుగుపెట్టకుండా శాశ్వత ఇంజంక్షన్ ఇవ్వాలనీ అతని కోరిక. ఇంజంక్షన్ అంటే ఫలానా పని చేయవద్దని కోర్టు ఇచ్చే ఆజ్ఞ. ప్రతివాది పేరు ఉరుకుందమ్మ. వయసు యాభై. వృత్తి నేత.

ఆ సందు ఆమెకు ఎందుకు కావాలో తెలియాలంటే మగ్గం సంగతి కొంచెం తెలియాలి. చీర నేయడానికి నిలువుగా ఉండే పోగుల వరసను పడుగు అంటారు. మూడు నాలుగు చీరలకు సరిపడే పడుగును మగ్గానికి ఎక్కించేముందు, బారుగా చాపి, కర్రల మీద నిలబెట్టి, గంజి పట్టించి ఆరబెట్టాలి. అది ఇంట్లో పట్టదు. ఎండ ముదరకముందే వీధిలోనో సందులోనో చేయాలి. ఆ వీధిలో ఆరు ఇళ్లవాళ్లు తరతరాలుగా ఆ సందులోనే పడుగులు చాపుతున్నారు. సందు మూతపడితే ఆరు మగ్గాలూ మూతపడతాయి. సత్యనారాయణ ఆరుగురి మీదా వేయకుండా ఒక్క ఉరుకుందమ్మ మీదే దావా వేశాడు. గేటు పెట్టడానికి మేస్త్రీని తెచ్చిన రోజు అడ్డం నిలబడింది ఆమె ఒక్కతే. ఆమె మీద ఆర్డరు తెచ్చుకుంటే మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారని లెక్క.

దావా తయారుచేసింది ఆ ఊళ్లో అందరూ పెద్ద వకీలు అని పిలిచే ఒక సీనియర్. ఆయన కోర్టు హాల్లోకి వస్తుంటే జూనియర్లు కుర్చీలు ఖాళీ చేసేవారు. దావాలు తెలుగులోనే వేసేవారు. భాషాభిమానం అని పొరబడకండి. ఆయన గుమాస్తా కంప్యూటర్లో ఉన్న నమూనా తెలుగులో ఉంది. ఆ నమూనాలో పేర్లు, సరిహద్దులు మార్చి ప్రింటు తీస్తే ఒక దావా. నేను దానికి మార్జిన్ చూశాను, స్టాంపు చూశాను, పేజీలు లెక్కపెట్టాను. ఒక్క ఆబ్జెక్షన్ కూడా రాయకుండా 'సరిచూడబడినది' అని పొట్టి సంతకం పెట్టి నంబరు వేశాను. పెద్ద వకీలు కాగితం వెనక్కి పంపిన సూపరింటెండెంటు ఆ కోర్టులో అంతవరకు లేడు. ఆ చరిత్ర నాతో మొదలుకావడం నాకు ఇష్టం లేకపోయింది.

దావాతోపాటే, విచారణ లేకుండా ఆ రోజే తాత్కాలిక ఆర్డరు ఇవ్వాలని ఒక పిటిషన్ వేశారు. మా జడ్జి గారు చిన్న వయసు ఆవిడ, మొదటి పోస్టింగు. అవతలి మాట వినకుండా ఇవ్వనని చెప్పి, ప్రతివాదికి నోటీసు ఇమ్మన్నారు. పెద్ద వకీలు నవ్వి కూర్చున్నారు. కొత్తలో జడ్జీలందరూ అలాగే ఉంటారని గుమాస్తా నాతో అన్నాడు. నేను తలూపాను.

సమన్లు ఇవ్వడానికి మా ప్రాసెస్ సర్వర్ మాబును పంపాం. ప్రాసెస్ సర్వర్ అంటే కోర్టు కాగితాలు ఇంటికి తీసుకెళ్లి సంతకం తీసుకునే ఉద్యోగి. మాబు పది గంటలకు తిరిగొచ్చాడు. రెండు చేతులకూ గంజి.

"ఏమైంది?" అన్నాను.

"సమన్లు తీసుకునింది సార్. కానీ పడుగు మధ్యలో ఉండాది, గంజి ఆరిపోతాది, ఈ కొస పట్టుకోన్నా, అనింది. పట్టుకున్నా. గంట నిలబెట్టింది."

"నువ్వు ప్రభుత్వోద్యోగివి. పట్టుకోనని చెప్పొద్దా?"

"చెప్పినా సార్. ప్రభుత్వోద్యోగివైతే సేతులు లేవా అనింది."

వాయిదా రోజు అటెండరు మూడుసార్లు పేరు పిలిచాడు. మొదటి పిలుపుకే వెనక నుంచి "ఉండాను" అని గట్టిగా వినిపించింది. పొట్టిమనిషి, ముతక నేతచీర, చేతిలో ప్లాస్టిక్ సంచి. జడ్జి గారు ఆమెకు విషయం చెప్పారు. సమన్లు అందిన ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు వేయాలి, మించిపోతే తగిన కారణం చెప్పి తొంభై దాకా అడుక్కోవచ్చు, అప్పటికీ వేయకపోతే అవతలివాళ్ల మాటే విని తేల్చేస్తారు. ఆడమనిషి కాబట్టి ఉచితంగా వకీలును ఇచ్చే ఏర్పాటు ఉందనీ, అడగమనీ చెప్పారు.

ఉరుకుందమ్మ అడిగింది. ఒక యువ వకీలును ఇచ్చారు. ఆ అబ్బాయి నాలుగేళ్లు పెద్ద వకీలు దగ్గరే పనినేర్చినవాడు. సంచి మోసిన చేతులతో ఎదురు వాదించడం కష్టం. వరండాలో ఆమెను కూర్చోబెట్టి, గొడవెందుకు, సందు వదిలేసి రాజీపడమని సలహా ఇచ్చాడు. ఆమె లేచి నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఆయప్పకు నా సందు తెలీదు సార్. ఒకసారి వచ్చి సూడమంటే టైము లేదంటాడు. నాకు తెలుసు గదా, నేనే రాస్తా. యా మాదిరి రాయల్ల?"

"అది నేను చెప్పకూడదమ్మా."

"ఎవురు సెప్తారు?"

"వకీలు."

ఆమె సంచి తీసుకుని వెళ్లిపోయింది. ఆ రోజు డైరీలో బెంచి క్లర్కు 'ప్రతివాది స్వయంగా హాజరు' అని రాశాడు. ఆ మాటకు మా ఆఫీసులో అర్థం, ఇక తలనొప్పి అని.

పదిరోజులకు జవాబు తెచ్చింది. నోటుపుస్తకం నుంచి చించిన గీతల కాగితాలు, రెండు పక్కలా రాత, 'జడ్జి గారికి నమస్కరించి రాసుకునే విన్నపము' అని మొదలు. నేను ఆబ్జెక్షన్ రాశాను: తెల్లకాగితం మీద, ఒక పక్కనే, మార్జిన్ వదిలి ఉండాలి. నాలుగు రోజులకు తెల్లకాగితం మీద, స్కేలుతో గీసిన మార్జిన్‌తో వచ్చింది. కోర్టు పేరు, దావా నంబరు, ఇద్దరి పేర్లతో పైన శీర్షిక లేదని రాసి పంపాను. మూడోసారి శీర్షికతో వచ్చింది. చివర వెరిఫికేషన్ లేదని రాశాను. అంటే, పైన రాసినదంతా నాకు తెలిసినంతవరకు నిజమని ఒప్పుకుంటూ చేసే సంతకం. నిజం చెప్పాలంటే, తెలుగులో ఉందని కూడా ఒక ఆబ్జెక్షన్ రాయబోయాను. మా కోర్టుల భాష తెలుగేనని నిబంధనల్లోనే ఉందని అప్పుడు గుర్తొచ్చి కలం మూశాను.

మూడో చీటీ చేతికిచ్చినా ఆమె కదల్లేదు.

"సార్, ఒక మాట. ఈ దినం సెప్పిన తప్పు మొదటి దినం కూడా ఉండె గదా?"

"ఉంది."

"మరి మొదటి దినమే ఎందుకు సెప్పల్యా? మగ్గం ఆపి వస్తాండాను. మీరు దినానికొకటి సెప్తే నా ముప్పై దినాలు మీ చీటీలకే సరిపోతాయి. ఏది సెప్పకూడదని ఉండాదో అది సెప్పొద్దులేండి. తప్పేందో సెప్పేదే మీ పని అంట గదా. అదన్నా పూర్తిగా సేయండి."

గుమాస్తాలు చూస్తున్నారు. నాకు కోపం వచ్చింది. కోపానికి కారణం వెతికితే ఆమె మాటలో తప్పేమీ దొరకలేదు. లోపాలన్నీ ఒకేసారి రాయాలన్నది నిజంగానే నిబంధన. మేము దానిని వకీళ్ల విషయంలో పాటిస్తాం.

ఆమె జవాబును నా దగ్గరే ఉంచుకుని, ఆ సాయంత్రం మొదటిసారి పూర్తిగా చదివాను. మొత్తం ఒకే పేరా. తాతల కాలం నుంచి మొదలుపెట్టి, గేటు పెట్టొద్దన్నందుకు సత్యనారాయణ తిట్టిన తిట్ల దాకా ఉంది. దావాలో ఏముందో దానికి మాత్రం జవాబు లేదు. సివిల్ కేసులో ఒక చిత్రమైన సూత్రం ఉంది. అవతలివాడు రాసిన మాటను నువ్వు ఫలానాది అబద్ధమని విడిగా కాదనకపోతే, ఒప్పుకున్నట్టే. మౌనం అర్ధాంగీకారం అంటారు, మా దగ్గర అది పూర్తి అంగీకారం. ఆమె మంచి కథ రాసి కేసు ఓడిపోబోతోంది.

ఆ రోజు నా జీవితంలోనే పొడవైన ఆబ్జెక్షన్ చీటీ రాశాను. తొమ్మిది అంశాలు. ఆరోది ఇలా ఉంది: 'దావాలోని ఒక్కొక్క పేరాను ప్రతివాది ఒప్పుకుంటున్నదీ కాదంటున్నదీ విడివిడిగా, నంబరువారీగా తెలుపవలెను.' ఎనిమిదోది: 'వాది దాఖలు చేసిన పత్రాల నకళ్లు ప్రతివాదికి అందినదీ లేనిదీ తెలుపవలెను.' ఇది సలహానా, ఆబ్జెక్షనా అని మీరు అడిగితే, అది రెంటికీ మధ్య నేను గీసుకున్న మార్జిన్ అంటాను. ఆమె చీటీ చదివి, ఎనిమిదో అంశం దగ్గర వేలు పెట్టి, "ఇయ్యి నాకు ఎవురూ ఇయ్యల్యా. యాడ అడగల్ల?" అంది. నకలు దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో చెప్పడం న్యాయ సలహా కాదు కనుక కిటికీ చూపించాను.

నాలుగోసారి వచ్చిన జవాబు పేరా పేరాకూ ఉంది. ఏడో తరగతి దాకా చదివిన చేతిరాత, ప్రతి అక్షరం విడిగా, నిటారుగా. మూడో పేరాకు జవాబు: 'నాకు డబ్బు, మంది బలగం, రాజకీయ పలుకుబడి ఉన్నవని వాది రాసినాడు. అవి నాకు ఉంటే ఈ జవాబు నేను రాసుకోను.' నాలుగో పేరాకు: 'అబద్ధము. మాకు ఎద్దులు లేవు, బర్రెలు లేవు, మేకలు లేవు. ఒక పిల్లి ఉన్నది. అది పంట తినదు.'

పిల్లి ఎక్కడిది, పంట ఎక్కడిది అని నాకు అర్థం కాక దావా ఫైలు తీయించాను. నాలుగో పేరా చదివాను. 'ప్రతివాది తన మనుషులతో, మారణాయుధములతో వచ్చి, వాది స్వాధీనములోని దావా ఆస్తిలోనికి పశువులను తోలి, కోతకు సిద్ధముగా ఉన్న పంటను పాడుచేయ ప్రయత్నించగా, ఇరుగుపొరుగు పెద్దమనుషుల సహాయముతో వాది అతికష్టము మీద ప్రతిఘటించినాడు.' ఎవరిదో పొలం తగాదాలో రాసిన పేరా. పేర్లు మార్చారు, పశువులను మార్చడం మరిచిపోయారు. నాపరాళ్లు పరిచిన తొమ్మిదడుగుల సందులో కోతకొచ్చిన పంట. ప్రతి పేజీ అడుగునా నా పొట్టి సంతకం.

జవాబు ఒప్పుకుని ఫైలులో పెట్టాం. ఇరవై ఎనిమిదో రోజు. నకలు పెద్ద వకీలుకు అందింది. మర్నాడే ఆయన కోర్టు హాల్లో లేచి, మగ్గం నేసే మనిషికి పేరాలవారీ జవాబు ఎలా తెలుస్తుందని, ఆఫీసువాళ్లు ప్రతివాదికి రహస్యంగా సాయం చేస్తున్నారని జడ్జి గారికి నోటితో ఫిర్యాదు చేశారు. ఎద్దుల మాట మాత్రం ఎత్తలేదు. ఆమె జవాబును కూడా ఆయన చివరిదాకా చదవలేదని నాకు అప్పుడు అర్థమైంది.

మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని నాకు మెమో వచ్చింది. బస్సులో ఆదోనికి పోతూ పెన్షన్ కాగితాలను తలుచుకున్నాను. నా రాతను నేనే వెనక్కి పంపుకుంటూ నాలుగుసార్లు సంజాయిషీ రాశాను. చీటీలన్నీ జతచేసి, నిబంధనల నంబర్లు వేసి, చాంబర్లో ఇచ్చాను. జడ్జి గారు చీటీలన్నీ చదివారు.

"ఆమె జవాబుకు మొత్తం ఎన్ని ఆబ్జెక్షన్లు రాశారు?"

"అన్నీ కలిపి పన్నెండు, మేడమ్."

"వాది దావాకు?"

"లేవు, మేడమ్."

"ఒక్కటీ?"

"ఒక్కటీ లేదు."

"అయితే మీరు సాయం చేసింది ఎవరికి?"

ముప్పై మూడేళ్లలో నన్ను అంత తక్కువ మాటలతో ఎవరూ తిట్టలేదు. 'ఇకపై అందరి కాగితములు ఒకే విధముగా సరిచూడవలెను' అని మెమో మీద రాసి మూసేశారు. తర్వాతి వారం నేను పెద్ద వకీలు దావా ఒకటి వెనక్కి పంపాను. గుమాస్తా ఆ చీటీని కళ్లకు అద్దుకున్నంత దగ్గరగా పెట్టుకుని చదివాడు.

తాత్కాలిక ఆర్డరు పిటిషన్ మీద, దావా తేలేదాకా యథాతథ స్థితి అని జడ్జి గారు చెప్పారు. అంటే ఏది ఎలా ఉందో అలాగే ఉండాలి. ఆ మాటలో గొప్ప సుఖముంది. ఇద్దరూ తామే గెలిచామనుకోవచ్చు. సత్యనారాయణ స్వీట్లు పంచాడు. ఉరుకుందమ్మ మర్నాడు పొద్దున ఆరుగంటలకు, యథాతథంగా, పడుగు చాపింది. అతడు పోలీసులను పిలిచాడు. వచ్చిన కానిస్టేబుల్ ఆర్డరు రెండుసార్లు చదివి, "దినాం ఇట్లే సాపుతాండ్రా?" అని అడిగాడట. ఆరిళ్లవాళ్లూ అవునన్నారు. "అయితే సాపండి" అని వెళ్లిపోయాడు.

సాక్ష్యం దాకా రావడానికి ఏడాదిన్నర పట్టింది. అందులో తొమ్మిది వాయిదాలు పెద్ద వకీలు గారికి వేరే కోర్టులో పని ఉన్నందున. తొమ్మిదిసార్లూ ఉరుకుందమ్మ వచ్చి, కూర్చుని, తేదీ రాసుకుని పోయింది. నా రిటైర్మెంటుకు నాలుగు నెలల ముందు వాది సాక్ష్యం మొదలైంది. ఆ రోజు బెంచి క్లర్కు సెలవులో ఉన్నందున బెంచి పక్కన నేనే కూర్చున్నాను.

సాక్షి మొదట తన వాంగ్మూలాన్ని అఫిడవిట్‌గా ఇస్తాడు. గుమాస్తా దావానే మళ్లీ ప్రింటు తీసి పైన 'అఫిడవిట్' అని పెట్టాడు. అందులో ఉన్నదంతా నిజమేనా అని అడిగితే నిజమేనని సత్యనారాయణ ప్రమాణం చేశాడు. ఏం అడిగినా అఫిడవిట్లో ఉన్నదే చెప్పమని అతనికి గట్టిగా నేర్పించారు. తర్వాత అవతలివాళ్లు ప్రశ్నలడగాలి. జడ్జి గారు ఉరుకుందమ్మను లేవమన్నారు.

"అన్నా, నాలుగో పేరాలో పంట అని రాసినావు. ఏం పంటన్నా అది?"

పెద్ద వకీలు లేచారు. అది టైపింగ్ పొరపాటని, అసందర్భమని అన్నారు. ప్రమాణం చేసిన అఫిడవిట్లో ఉందికదా, సాక్షి చెప్పనివ్వండి అన్నారు జడ్జి గారు. సత్యనారాయణ వకీలు వంక చూశాడు, గుమాస్తా వంక చూశాడు. నేర్పించిన పాఠం గుర్తొచ్చింది.

"పత్తి" అన్నాడు.

"సందులోనా?"

"ఆ."

"ఎన్ని సాళ్లు ఏసినావు?"

"మూడు... నాలుగు."

"ఎవురు తీసినారు పత్తి?"

"కూలోళ్లు."

"నాపరాళ్లు పెరికి ఏసినావా, రాళ్ల మీదనే ఏసినావా?"

హాలంతా నవ్వింది. జడ్జి గారు బల్ల తట్టి, నవ్వకుండా ఆ ప్రశ్నను రికార్డు చేయించారు. జవాబు: 'సాక్షి మౌనంగా ఉన్నాడు.' పెద్ద వకీలు గారు గుమాస్తా వంక చూసిన చూపును రికార్డు చేసే వీలు మా పద్ధతిలో లేదు.

ఆమె అంతటితో కూర్చుంటుందనుకున్నాను. ప్లాస్టిక్ సంచిలోంచి ఒక కాగితం తీసింది. సత్యనారాయణ ఇల్లు కొన్నప్పటి క్రయపత్రం నకలు. అతను తన హక్కుకు రుజువుగా స్వయంగా దాఖలు చేసింది. కోర్టు మొదటి రుజువుగా గుర్తు వేసినది.

"ఇది నీ పత్రమే గదన్నా. సెక్కుబందీలో ఉత్తరం పక్క ఏమి రాసినారో సదువు."

చెక్కుబందీ అంటే ఆస్తికి నాలుగు దిక్కులా ఏముందో చెప్పే వరస. సత్యనారాయణ కళ్లద్దాలు తేలేదన్నాడు. అసలు పత్రం నా దగ్గరుంది కనుక చదవమని జడ్జి గారు నాకు చెప్పారు. లేచి చదివాను.

"ఉత్తరం: నేతవారు పడుగులు చాపే రస్తా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఏడాదిన్నరగా ఆ పత్రం నా బీరువాలో ఉంది. నంబరు వేసి, కుట్టించి, పేజీలు లెక్కపెట్టి పెట్టింది నేనే.

తర్వాతి వాయిదాలో ఆమె సాక్ష్యం. పెద్ద వకీలు గంటసేపు ప్రశ్నలేశారు. చివరికి ముఖ్యమైన ప్రశ్నకు వచ్చారు. "ఆ సందు నీ సొంతమని చూపించడానికి ఒక్క కాగితమైనా ఉందా?" చాలామంది కక్షిదారులు పడిపోయే గుంట అది. ఉందంటే చూపించాలి, లేదంటే ఓడినట్టు అనిపిస్తుంది.

"లేదు సార్. నాదని నేను యాడా రాయల్యా. ఆయప్పది కాదని రాసినా."

ఆయన కాగితాలు మడిచి కూర్చున్నారు. దావా కొట్టేస్తూ ఇచ్చిన తీర్పులో ఆ రెండు వాక్యాలనూ జడ్జి గారు అలాగే ఉటంకించారు. తీర్పు విన్నాక ఉరుకుందమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది. ధన్యవాదాలు చెబుతుందేమోనని కొంచెం సర్దుకుని కూర్చున్నాను.

"తీర్పు నకలుకు దరఖాస్తు యాడ సార్, ఆ కిటికీలోనే గదా?" అని అడిగి వెళ్లిపోయింది.

సత్యనారాయణ ఆదోనిలో అప్పీలు వేశాడు. ఆమె ఆ వాయిదాలకూ బస్సులో వెళ్లింది. నేను రిటైరైన తర్వాత తెలిసింది, వాది తరఫున వరసగా మూడు వాయిదాలకు ఎవరూ హాజరుకాక అప్పీలు కొట్టేశారని.

దీన్ని చదివి, వకీలు అక్కర్లేదు, ఎవరి కేసు వాళ్లే వాదించుకోవచ్చు అనుకునేవారుంటే ఒక మాట. ఉరుకుందమ్మ పేరు చుట్టుపక్కల పాకిన కొత్తలో ఆలూరు నుంచి ఒక రైతు మా కోర్టుకు వచ్చాడు. గట్టు తగాదా. న్యాయం తన వైపే ఉందనీ, ఆయమ్మ గెలిచినప్పుడు తాను గెలవనా అనీ వరండాలో అరగంట ఉపన్యసించాడు. అవతలి దావా కాగితాలను సంచిలోంచి బయటికి తీయనేలేదు. రెండో వాయిదాకు పెళ్లికి పోయాడు, మూడోదానికి విత్తనాలు వేసుకున్నాడు. జవాబు గడువు దాటిపోయి, ఏకపక్షంగా దావా అయిపోయింది. అతని వైపు నిజంగానే న్యాయం ఉందని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఫైలులో మాత్రం లేదు. అతను ఒక మామూలు వకీలును పెట్టుకున్నా ఆ గట్టు దక్కేది.

కాబట్టి ఈ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నది ధైర్యం గురించి కాదు, వకీళ్ల గురించి కూడా కాదు. ఆ దావాను ప్రింటు తీసిన గుమాస్తా, సంతకం పెట్టిన వకీలు, ప్రమాణం చేసిన వాది, సరిచూసిన నేను, నలుగురం చదువుకున్నవాళ్లం. నలుగురం దాన్ని ముట్టుకున్నాం. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా చదివింది ప్రతివాది ఒక్కతే.